జేబు మీది పేరు

మొదటి అంగీ నీలంది.
జేబు మీద తెల్ల పావురం, దాని కింద హమ్దా ప్లాస్టిక్స్.
అజ్మాన్ జుర్ఫ్‌ల రెండు షెడ్లు, ఐదు మెషీన్లు, ఒక్క సేటు.
రంజాన్ నెలల తనే వచ్చి
మా చేతులల్ల ఖర్జూరాలు పెట్టెటోడు.

నాకు మూడో నంబరు మెషీన్ ఇచ్చిండ్రు.
తెల్ల గింజలు పైన పోస్తే
కాగి, కరిగి, గాలి మింగి
రేకుల కప్పు దాక లేచే బుడగ.
అది వణకకుంట చూసుకునుడే నా పని.
వణికిందా, ఒక దిక్కు మందం, ఒక దిక్కు పల్చన.
పల్చనైన కాడ, ఎవలింట్లనో
రొట్టె సంచి చినుగుతది.

మూడేండ్లకు సేటు అమ్మేసిండు.
ఎవలికి అమ్మిండో మాకు అంగీలు చెప్పినై:
బూడిద రంగు, జేబు మీద మూడు గీతలు.
గేటు మీదికెల్లి పావురాన్ని తాళ్లతోని దింపుతుంటే
గుల్ జమాన్ నవ్విండు,
"పిట్టను కోసిండ్రు, మరి బిర్యానీ ఏది?"

ఆ తర్వాత కొనుడే కొనుడు.
షార్జాల మూతలు చేసెటోళ్లను.
సోహార్‌ల సీసాలు ఊదెటోళ్లను.
దమ్మామ్‌ల పెరుగు డబ్బాల ఫ్యాక్టరీని,
అది అంతకుముందే కొనుక్కున్న స్ట్రాల షెడ్డుతోని సహా,
సూడి బర్రెను కొన్నట్టు.
కొన్నప్పుడల్లా క్యాంటీన్ల ఒక కేకు.
క్రీము మీద కొత్త పేరు, అరబ్బీల, ఇంగ్లీషుల.
మేనేజర్లు దాటి మా దాక వచ్చేసరికి
ఒక అక్షరం మీది చుక్క మిగిలేది.
తియ్యగనే ఉండె.

కొన్న కంపెనీల అచ్చు సిలిండర్లు
లారీలల్ల మా యార్డుకే వచ్చేటివి.
మజ్జిగ, సబ్బుపొడి, పల్లీలు, అన్ని పేర్లు తిరగబడి.
ఎండల అవి కాగుతుంటే
తూకానికి కొనెటోడు వచ్చి వేలితోని కొట్టి చూసేటోడు.
ఒకదాని మీద చిన్న పిల్ల బొమ్మ,
చేతిల బిస్కెట్. ఆ బిస్కెట్ ఇప్పుడు లేదట.

ఒక సంవత్సరం కువైట్‌ల ఒక ముసలి కంపెనీని కొన్నరు,
మావోళ్లకంటె ముప్పై ఏండ్లు పెద్దది.
తెల్లారి గేటు మీద పచ్చ బోర్డు, అంగీలు సుత పచ్చవే:
'1968 నుంచి మీ సేవలో'.
మొన్నటి దాక మీసం మొలవని పోరడు
ఒక్క రాత్రిల తాత అయిండు.

అదే వారం హెచ్చార్ మారిసెల్ కాయితం తెచ్చింది.
పాత కంపెనీ బంద్, కొత్త కంపెనీల చేరినట్టు సంతకం.
"నా పన్నెండేండ్లు?" అని అడిగిన.
తొమ్మిదేండ్లకు లెక్క కట్టి ఇస్తరట.
పావురం కాలం కాయితాలు మాత్రం దొరుకుతలేవట.
కువైట్‌ల ఎవలియో అన్ని ఏండ్లు దొరికినయి గదా అన్న.
ఆమె పెన్ను మూత తీసుకుంట, పెట్టుకుంట,
"నావి రెండు పోయినయి భయ్యా" అన్నది.
సంతకం పెట్టిన. ఆ తారీకున నేను
కంపెనీల ఒక్క రోజు వయసోణ్ణి.
షెడ్డుల నా బుడగ వణుకుతున్నదని
టేక్ బహదూర్ ఉరికొచ్చిండు. ఉరికిన నేను సుత.
గాలి కొంచెం తగ్గించిన. నిలబడ్డది.

పాత అంగీలు పారెయ్యం.
చింపి, కాగిన డై అంచు తుడుస్తం.
నిన్న నా చేతికి నీలం గుడ్డ వచ్చింది,
జేబు తోని సహా.
రెక్కలు ఎన్నడో మసిబారినై,
కన్ను కాడి దారం ఇంక తెల్లగనే ఉన్నది.
దాంతోనే తుడిసిన. వేరే గుడ్డ లేదు.

ఇయ్యాల మల్ల కొలతలు తీసుకుంటున్నరు.
ఈపారి కొనేది మావోళ్లు కాదు,
మావోళ్లనే ఎవలో కొంటున్నరట, రంగు ఇంక తెల్వదు.
టైలరు నా ఛాతి చుట్టు టేపు తిప్పి
మెల్లగ పాత పుస్తకం తెరిచి చూసి
"ఇంచున్నర తగ్గినవ్" అన్నడు,
తర్వాతోణ్ణి పిలిచిండు.