మోకాలి ఎత్తులో మీట

పెలోటస్‌లో జూలై.
మినువానో గాలి తలుపు సందులోంచి దూరి
సోల్డరింగ్ కడ్డీ మొనను కూడా చల్లార్చాలని చూస్తోంది.
బల్ల మీద మాతే బుర్ర, పక్కన మూత ఊడదీసిన గేమ్ పెట్టె.
ఎవరో పిల్లాడు దాని అడుగున మేకుతో పేరు గీక్కున్నాడు:
క్లోడొమీరో.
చివరి అక్షరానికి చోటు చాలక అంచు మీంచి జారిపోయింది.

మూలన నిలబడ్డది అదెమార్ కొన్న ఆర్కేడ్ బీరువా.
రేవు దగ్గర మూతబడ్డ బిలియర్డ్స్ హాలుది.
ఎడమ అంచున వరసగా సిగరెట్ కాల్చిన మచ్చలు,
లోపల ఎలుకలు తిని వదిలేసిన బోర్డు.
"బోర్డు చచ్చింది, తెర బతికే ఉంది,
దాని సీట్లో దీన్ని కూర్చోబెట్టు డోనా ఒడెచీ" అన్నాడు,
సగం డబ్బు, అరడజను కొబ్బరి మిఠాయిలు చేతిలో పెట్టి.

ఎరుపు, పచ్చ, నీలం
పిలవగానే వచ్చాయి మూడు తీగలు.
నాలుగోదే మొండిది.
రంగేమీ లేదు దానికి,
గీత ఎక్కడ మొదలవాలో చెప్పడమే దాని పని.
అది సరిగ్గా పలక్క బొమ్మంతా
తడిగోడ మీది పోస్టర్‌లా ఓ పక్కకి జారిపోయింది.
రెండు రాత్రులు.
చివరికి గోరంత రెసిస్టర్ ఒకటి వేశాక
నిటారుగా నిలబడింది, ఏమీ ఎరగనట్టు.

గొంతు చిన్నది పాపం.
పక్కగదిలో అమ్మ నిద్రపోతుంటే
మెల్లగా మోగడానికి పుట్టింది.
ఇక్కడ కాఫీ మిషన్ మీదుగా వినబడాలి.
ఆంప్లిఫయర్ తగిలించాను.
అరచేతిలో ఒదిగే కీలను కోసి, రాగి గీకి,
పిడికిలంత కర్రకి అతికించాను.
టక్కు టక్కున మోగుతోంది ఇప్పుడు,
ఎవరు కదిపినా.

ఇంట్లో పెరిగింది కదా, డబ్బు తెలియదు.
చస్తే మళ్ళీ పుట్టమంటుంది, ఎన్నిసార్లయినా, ఊరికే.
నాణెం పడితేనే స్టార్ట్ తీగకి ప్రాణం వచ్చేలా
రిలే ఒకటి పెట్టి నేర్పాను:
ఇకమీదట ఊరికే లేవకు.
నేర్పుతుంటే నాకే కాస్త సిగ్గేసింది.

ఆట మొదలయ్యాక ఆ తీగే పాజ్ తీగ.
"అది కోసెయ్" అన్నాడు అదెమార్.
"ఆపేసి కాఫీకి కూర్చుంటే తర్వాతివాడు ఎంతసేపు నిలబడతాడు?"
మాట న్యాయమైనదే. కోసేశాను.

బేకరీలో పెట్టిన రోజు మొదటి నాణెం జుసారాది.
తెల్లవారుజాము నాలుగు నుంచి కౌంటర్ దగ్గరే ఉంది,
నాణెం కూడా టిప్పు డబ్బాలోంచి తన వాటాది.
మంచి చెయ్యి.
మూడో అంకం, నావ ఒక్కటే మిగిలింది,
అప్పుడు మోగింది తలుపు గంట.
ఎవరో ముసలాయనకి రొట్టె, పాలు, చిల్లర,
ఆపైన వాతావరణం.
తిరిగొచ్చేసరికి తెర మీద అంకెలు మాత్రమే.
"పోనీలే" అంది,
కర్రకి అంటిన తన పిండిచేతి ముద్ర తుడుస్తూ.
రెండో నాణెం వెయ్యలేదు.

మర్నాడు మరలు బిగిస్తానని వెళ్ళాను.
పాత కాలింగ్ బెల్ మీట ఒకటి సంచిలో ఉంది.
కీల పలక కింద, చీకట్లో, మోకాలి ఎత్తులో
కన్నం వేసి బిగించి
కోసిన తీగను దానికి కలిపాను.
బిల్లులో రాయలేదు.
జుసారాతో ఒక్కటే చెప్పాను:
"కింద మర ఒకటి పొడుచుకొచ్చి ఉందమ్మా,
మోకాలు జాగ్రత్త."

ఆగస్టులో అదెమార్ ఫోన్.
"ఒక్కోసారి బొమ్మ బిగుసుకుపోతోంది.
నావ గాల్లోనే ఆగి ఉంటుంది, ఎదుట ఎవరూ ఉండరు.
కొడదామని వెళ్ళేలోపు దానంతటదే కదులుతుంది.
ఏమిటీ రోగం?"

మాతే ఇంకో గుక్క తాగాను.
కిటికీ అద్దం గాలికి కొట్టుకుంటోంది.

చలికి అంతే, అన్నాను.
పాత సామాను.
కొట్టకండి.