తల, గుండె, తోక

మాంసం ఫ్యాక్టరీ మూతపడిన మూడో వారం,
నా దగ్గర తొంభై డాలర్లు,
పని మరిచిపోతున్న పది వేళ్ళు.
బ్లఫ్‌లో గాలి దక్షిణ సముద్రం నుంచి వస్తుంది,
తలుపు తట్టే మర్యాద దానికి లేదు.

పక్కింటి నోయెలీన్ ట్రెగర్తాకి డెబ్భై ఆరు.
కంచె మీదుగా అంది:
"ఖాళీగా ఉన్నవాడు తాగుతాడు, లేదా నేర్చుకుంటాడు.
నువ్వే రకం?"

సారా కాచడం నేర్పమన్నాను.
ఈ దేశంలో మన ఇంట్లో మన కోసం కాచుకోవచ్చు,
అమ్మితే మాత్రం నేరం.
ఆ ముక్క మూడుసార్లు చెప్పింది,
మూడోసారి నా చెవి మెలిపెట్టినంత పని చేసింది.

ముందు గిన్నె కొనాలనుకున్నాను.
కాదట, మంటలార్పే ఎర్ర సిలిండరు.
ముప్పై రెండు డాలర్లు అక్కడే ఆవిరి.
"చుక్కయినా దిగకముందే?" అని గొణిగాను.
ఆమె ఎడమ చొక్కా చేతిని మోచేయి దాకా మడిచింది.
చర్మం అక్కడ
చల్లారిన పాల మీది మీగడలా ముడుచుకుని ఉంది.
నేనింకేం అడగలేదు.

చర్చి వంటగది సామాన్లు అమ్మేస్తుంటే
ఇరవై లీటర్ల స్టీలు గిన్నె, పన్నెండు డాలర్లు.
ప్లంబర్ ఇయోసెఫోకి రెండు రోజులు కట్టెలు కొట్టి
రాగి గొట్టం ముక్క తెచ్చుకున్నాను.
పాత కారు రేడియేటరు ఒకటి ఊరికే దొరికింది.
భుజాన మోసుకొస్తే
ఆమె దాన్ని చూడలేదు, నన్ను చూసింది.
"దాని అతుకుల నిండా సీసం.
ఊరికే వచ్చినదానికి బిల్లు ఆలస్యంగా వస్తుందబ్బాయ్."

ఆవిరి పోయే దారిలో ప్లాస్టిక్ వద్దు, రబ్బరు వద్దు.
కీళ్ళ చుట్టూ రై పిండి ముద్ద మెత్తింది,
పసిబిడ్డకు నలుగు పెట్టినంత నెమ్మదిగా.
ఆవిరికి దారి మూశావో, అది గిన్నె కాదు, బాంబు.
గ్యాసు మంట వద్దు, కరెంటు పొయ్యి చాలు.
షెడ్డు తలుపులు బార్లా తీయించింది.
ఆ మర్యాద లేని గాలి
మొదటిసారి నాకు పనికొచ్చింది.

మొదటి బట్టీలో సారా లేదు: వెనిగరు, నీళ్ళు,
ఇత్తడి చెంబుకు చింతపండులాగా.
రెండోదానికి చక్కెర, రొట్టె ఈస్టు, పది రోజుల బుడబుడ.

తొలి చుక్కల్లో గోళ్ళరంగు చెరిపే మందు వాసన.
జామ్ సీసాలో పట్టి ఎర్ర టేపు చుట్టింది.
"ఇది నోటికి కాదు, నీ పెయింటు బ్రష్షులకు.
ఆ తర్వాత తల, పారబోయి.
నడుమ గుండె, అదే నీది.
తోక తడిసిన కుక్క వాసన వేస్తుంది,
వచ్చే బట్టీకి దాచు."

చుక్క. చుక్క. ఐదు గంటలు స్టూలు మీదే.
రగ్బీ ఆట మొదలయ్యే వేళ,
స్కోరు చూసొస్తానని లేచాను.
ఆమె లేవలేదు. మెల్లగా అంది:
"కోలిన్ కూడా స్కోరుకే వెళ్ళాడు.
ఐదు నిమిషాలు.
అతనికేం కాలేదు.
తలుపు తీసింది నేను."

కూర్చున్నాను.
ఎవరు గెలిచారో ఇప్పటికీ నాకు తెలీదు.

చివరికి ముప్పావు లీటరు.
ఒక్క బొట్టు అరచేతిలో వేసుకుని రుద్ది
వాసన చూసింది, తాగలేదు.
ముప్పై ఏళ్ళుగా ఆమె తాగదని
అప్పుడు తెలిసింది.
"గుండెలోకి తోక వచ్చేసింది.
ఈసారి ముందే ఆపు."

ఆ శనివారం ఆమె షెడ్డుకి కొత్త తలుపు బిగించాను,
బయటికి తెరుచుకునేది.
నీలం రంగు వేశాను.
బ్రష్షులు
ఎర్ర టేపు సీసాలో ముంచి కడిగాను.