స్టేజీలు

పద్దెనిమిదేండ్ల సంది నిలబడే బతికిన.
పట్టుకుంటే ఊగే కడ్డీ,
ఎడమచేతి వేళ్ల నడుమ మడిచిన పదుల నోట్లు,
ఇప్పుడైతే మెడల టిమ్ మిషిను.
దూరమంటే నాకు కిలోమీటరు కాదు,
స్టేజీ.

అందుకే పీఈటీ సైదులు సారు
"అండాలూ, నలభై రెండు" అన్ననాడు
మనసుల లెక్క గట్టిన:
నల్లగొండల ఎక్కితే నార్కట్‌పల్లి,
అది దాటితే చిట్యాల,
చిట్యాల దాటినంక పంతంగి టోల్‌గేట్.
అబ్బో, గంత టికెట్టు గదా సారూ,
కాళ్లతోనా?

మేం ఐదుగురం.
క్లబ్బని పేరు పెట్టింది ఫర్హానా, పెద్దాసుపత్రి నర్సు.
బ్యానర్ లేదు. చందా నెలకు యాభై,
అరటిపండ్లకు, ఓఆర్ఎస్ పొట్లాలకు.
తెల్లారగట్ల ఉదయసముద్రం కట్ట మీద
నీళ్లు కనబడవు, వాసనొస్తది.
కొంగ ఒకటి మాకన్న ముందే లేచి
మా దిక్కు చూడకుండ నిలబడ్తది.

పట్నంల తొవ్వ చదునుగుండదట,
ఫ్లైఓవర్లట, ఎక్కుడు దిగుడట.
లతీఫ్ సాబ్ గుట్ట మెట్లున్నయ్ గదా అన్నడు ఇస్తారి.
ఆదివారమాదివారం ఎక్కినం.
దర్గ కాడ ముజావర్ తాత
నెమలీకల కట్టతోని మా మోకాళ్లు తట్టి
"పైలం బిడ్డా" అన్నడు.
ఇస్తారి మోకాళ్లు ఎక్కువసేపు తట్టిండు.

ఇస్తారిది మర్రిగూడ దిక్కు.
వాళ్ల అక్క మంచంల సగం వంగి ఉంటది,
బోరునీళ్లు ఎముకలల్లకు దిగి ఆడనే ఆగినయ్.
వీడు కాలు మడిచి చాపినప్పుడల్లా
మడుస్తున్నదా లేదా అని చూసుకుంటడు.
ఎందుకురా ఉరుకుతవంటే
"మడతబడ్డన్ని దినాలు" అంటడు.
ఇంకేం చెప్పడు.

మారయ్య బత్తాయి దళారి.
డాక్టరు బరువు తగ్గమంటే వచ్చిండు,
తగ్గలే. ఉరుకుడు మాత్రం ఇడువలే.

పట్నం. చీకటి. స్పీకర్లల పాటలు.
వేలమంది బూట్లు,
కొన్ని బూట్లు నా జీతంల సగం.
నంబర్ కాయితం ఎదకు గుచ్చుకున్న,
కండక్టర్ బ్యాడ్జీ కాడనే, అలవాటుగ.

నార్కట్‌పల్లి దాకా ఏం తెల్వలే.
గేటు బయట నైటీల నిలబడి ఒకామె చప్పట్లు కొట్టింది,
ఎవల కోసమో అని ఎనకకు జూసిన.

చిట్యాల కాడ నా కుడి మడమ దిగిపోయింది.
నేను దిగలే.

పంతంగి రాకముందే, వంతెన నడిమిట్ల,
ఇస్తారి కూలబడ్డడు.
చాపిన కాలు మడుస్తలేదు.
వాని మొకం జూసిన. నొప్పి కాదది,
ఆ మొకంల వాళ్ల అక్క మంచం కనబడ్డది.
ఫర్హానా రోడ్డు మీదనే కూసుండి పిక్క ఒత్తుతున్నది,
"కండ పట్టింది భాయ్, ఎముక కాదు, కండ"
పదిసార్లు అన్నది, ఎముక కాదు, కండ.
ఇగ రోడ్డు తెరుస్తమని
ఎనక బండి మైకుల మొత్తుకుంటున్నది.
మడిచింది కాలు. జెరంత. ఇంకింత.
లేచి నిలబడ్డడు.
నా నోట్లెకెళ్లి దానంతటదే ఊడిపడ్డది,
"రైట్ రైట్!"
చుట్టున్నోళ్లు నవ్విండ్రు,
ఒక పోలీసాయన కూడ.

టైం చెప్పను.
సైదులు సారు డైరీల రాసుకున్నడు, అది సాలు.
మారయ్య సగంల ఆగి ఆటో ఎక్కి
గీత కాడ మాకోసం బత్తాయిలు ఒలుస్తున్నడు.

మాపటికి దిల్‌సుఖ్‌నగర్ల నల్లగొండ బస్సు.
కండక్టర్ మా డిపో పిల్లనే, కొత్తగొచ్చింది,
నాకు జీరో టికెట్ కొట్టింది.
కిటికీ పక్క సీటు.
పద్దెనిమిదేండ్లల ఈ తొవ్వ మీద మొదటిపాలి కూసున్న.
టోల్‌గేట్, చిట్యాల, నార్కట్‌పల్లి
తలకిందులుగ వస్తున్నయ్,
ఏది నా పిక్కల్ల ఎక్కడుందో తెలుస్తనే ఉంది.

క్లాక్‌టవర్ కాడ పిల్ల అరిచింది,
"దిగేటోళ్లు దిగాలె!"
ఐదుగురం ఒగల మొకం ఒగలం జూసుకున్నం.
ఎవ్వలికీ లేవస్తలేదు.
"హోల్డాన్ బిడ్డా, జెర హోల్డాన్" అన్న.
ఇస్తారి మొదలు లేచిండు,
కడ్డీ పట్టుకొని,
మోకాలు ఒకపాలి మడిచి చూసుకొని.