పోటు గడి

భైరవపాలెంలో కరెంటు పోయాక
చాప మీద ఏజియన్ సముద్రం పరిచాను.
కాగితం చుట్టుకుపోకుండా మూలమూలకీ ఒక వల గుండు,
మిగిలిన గుండ్లన్నీ దీవులు.
జూన్ నెలాఖరు నుంచి ఇరవై మూడు రోజులు.
ఎక్కేది ఇద్దరు జర్మనీ ముసలాళ్ళు,
చుక్కాని నాది.

లావ్రియో రేవు వదిలాక మొదటి రాత్రి కియా,
తర్వాత కిత్నోస్, సెరిఫోస్,
సిఫ్నోస్‌లో మంచినీళ్ళు పట్టుకోవాలి,
మీలోస్ చుట్టి తిరుగుముఖం.
రోజుకి పాతిక మైళ్ళు దాటకుండా
బెత్తలతో కొలుస్తున్నాను.

మసేనమ్మత్త వల చిరుగు కుడుతూనే ఉంది.
కాగితం మీద ఒక్కక్షరం చదవలేదు.
"గాలి ఏ దిక్కునుంచి?"
ఉత్తరం నుంచి, ఎండాకాలమంతా. మెల్తెమి అంటారు.
లేస్తే మూడు రోజులు, ఒక్కోసారి వారం,
పైన మబ్బు తునకైనా ఉండదు.
"పోయేటప్పుడు వీపున పెట్టుకుని పోతున్నావు,
వచ్చేటప్పుడు మొహాన పెట్టుకుని వస్తావా?"
కాలి బొటనవేలితో ఒక గుండు ఇవతలికి జరిపింది.
"ఇక్కడ రెండ్రోజులు ఊరికే కూచో.
గాలి బాకీ ముందే రాసుకో.
మా తాత తల్లారేవు నావలో రంగం పోయేటప్పుడు
ఇరవై రోజుల దారికి
ముప్పై రోజుల బియ్యం ఎత్తించేవాడంట."

నిజమే. బియ్యం సంగతి నేను రాసుకోనేలేదు.

"మరి పోటు ఎప్పుడు?"
పోటు లేదత్తా అక్కడ.
జానెడు లేస్తుంది, జానెడు దిగుతుంది,
ఎవరూ లెక్కెయ్యరు.
సూది ఆగింది.
"పోటూ పాటూ లేని సముద్రమా!
అయితే చంద్రుడు అక్కడేం పని చేస్తాడ్రా?"

నాకు తెలీదు.
బయట మడ వేళ్ళ మధ్య నీళ్ళు గుటకలేస్తున్నాయి.
ఒక్కొక్క పడవా బురద విడిచి లేస్తోంది,
ఎక్కడో కట్టుతాడు బిగిసి మూలిగింది.

లాంతరు దగ్గరికి జరుపుకుని పట్టీ గీశాను.
తేదీ, దూరం, గాలి, లంగరు లోతు.
అలవాటున చెయ్యి ఐదో గడి కూడా గీసేసింది:
పోటు.

కొట్టెయ్యబోయి ఆగాను.
ఆ గడి నిండా భైరవపాలెం పోటు వేళలే రాశాను,
ఇరవై మూడు రోజులవీ,
అమావాస్యకీ పున్నానికీ కింద గీత.
సెరిఫోస్ కొండ చాటున నేను లంగరు దించే వేళకి
ఇక్కడ ఎవరి పడవ మొగ దాటుతుందో.

దొర అడుగుతాడు, ఈ అంకెలేమిటని.
ఇంజను నూనె లెక్కని చెప్తాను.