చిలుము

డాబాగార్డెన్స్‌లో, మేడమెట్ల కింద కొట్లో
నూకరాజు గారు మూడు సింబళ్లు వరసగా వేలాడదీశారు.
నేవీ బ్యాండులో ఇరవయ్యేళ్లు వాయించి దిగిన మనిషి.
"రైడా? దేనికి? పెళ్లి బ్యాండుకా?"
బ్లూస్‌కి, అన్నాను.
ఆయన లేచి ఫ్యాను ఆపేశారు.

మొదటిది ఇరవై రెండంగుళాలు. అద్దంలా ఉంది.
అందులో నా మొహం నాకంటే డబ్బున్నవాడిలా కనిపించింది.
పుల్ల ఆనించానో లేదో
ట్రే నిండా గ్లాసులు మెట్ల మీంచి దొర్లినట్టు
ఒకటే హోరు.
ఏ దెబ్బ ఎక్కడ మొదలైందో తెలీదు.
పెద్ద గ్రౌండుకైతే బాగుంటుంది.
మేం వాయించేది జ్ఞానాపురంలో, రేకుల షెడ్డులో,
శనివారం రాత్రి, నలభై కుర్చీల ముందు.

రెండోది మందం. గుబ్బ మీద కొడితే బడిగంట.
ప్రతి దెబ్బకీ తప్పులెన్నే మేనత్త.

నా ఉద్యోగం రైలు చక్రాల మీద సుత్తితో కొట్టి వినడం.
స్టేషన్ యార్డులో, తెల్లారి మూడింటికి.
పగులున్న చక్రం మోగదు, దగ్గుతుంది.
ఇన్నేళ్లూ ఇనుము నాకు నిజమే చెప్పింది.
కంచు అలా కాదు,
పక్కన ఎవరున్నారో చూసుకుని మాట్లాడుతుంది.

అందుకే రూతమ్మని తీసుకొచ్చాను. మాలో గొంతు ఆమెదే.
హార్బర్లో రొయ్యలు వలిచి సరాసరి వచ్చింది,
వేళ్లు ఐసుకి ఉబ్బిపోయి.
"పాడొద్దు, ఊరికే మాట్లాడు," అన్నాను.
"ఏటి మాటాడ్డం?" అంటూనే మొదలెట్టింది:
మేస్త్రీ తూకంలో కొట్టేసిన ముప్పావు కేజీ,
గేటు దగ్గర తెగిపోయిన చెప్పు,
గ్యాసు బండ అయిపోనాది, జీతానికింకా పది రోజులు.

నేను పక్కన షఫుల్ నడిపాను.
తకిటలో 'కి' మింగేసి
ఒక కాలు పొట్టిగా ఉన్నవాడి నడక.
మొదటిదాని కింద ఆమె చెప్పు మునిగిపోయింది.
రెండోదాని కింద ముప్పావు కేజీ ముక్కలైంది.
మన మాటలు అచ్చుల మీద ఆగుతాయి,
వెళ్తూ వెళ్తూ తలుపు ఓరగా వదిలేస్తాయి.
ఆ సందులో వేలు పెట్టని రేకు కావాలి నాకు.

మూడోది ఎవరూ అడగనిది.
ఉప్పుగాలికి పచ్చగా చిలుమెక్కి,
అంచున గోరంత పగులు.
అది పాకకుండా నూకరాజు గారే ఎప్పుడో
ఆకురాయితో గుండ్రంగా అరగదీశారట.
చక్రమైతే సుద్దతో ఇంటూ కొట్టి పక్కన పెట్టేవాణ్ణి.
పుల్ల తగిలింది. పొడిగా, చిన్నగా,
వాన వెలిశాక చూరు వదిలే ఒక్కో చుక్క,
వెనక సన్నటి పొగ.
అంచు మీద గట్టిగా వేస్తే ఒక్కసారి అరిచి
వెంటనే సిగ్గుపడినట్టు తగ్గింది.

రూతమ్మ ఆగలేదు. కొత్త సంగతీ చెప్పలేదు.
ఆ రెండింటికీ గొంతు పెంచింది, దీనికి తగ్గించింది.
గ్యాసు బండ దగ్గర కాస్త వెనకపడి,
పది రోజుల దగ్గర వచ్చి కలిసి,
తనకి తెలీకుండానే పన్నెండో బారులో ఊపిరి తీసుకుంది.
నూకరాజు గారు పైకి చూస్తూ ఉండిపోయారు,
ఆగిన ఫ్యాను వైపు.

తొమ్మిది వేలు చెప్పి ఏడున్నరకి ఇచ్చారు.
"మీ ఇంట్లో చింతపండుకి దీన్ని కనపడనీకు బాబూ.
తళతళలాడిందంటే ఇంక మాటాడదు."

బస్సులో ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను.
గతుకు వచ్చినప్పుడల్లా గోనెగుడ్డ లోపల
ఏదో అంటూనే ఉంది.
కండక్టరు వచ్చి రూపాయి బిళ్లతో తట్టాడు.
"ఏటిది?"
కంచం, అన్నాను.
"ఇంత కంచమా! ఎంతమంది తింతారేటి?"
రూతమ్మ కిటికీలోంచి తల తిప్పకుండానే అంది:
"నలుగురం. సాల్దు."