మూడో చుట్ట

కళ్యాణదుర్గంలో, రాయదుర్గం రోడ్డు మీద,
సైకిల్ షాపుకూ సోడా బండికీ నడుమ
హుసేన్‌బీ వైండింగ్ షాపు.
బోర్డు మీద పేరు లేదు. మోటారు బొమ్మ ఉంది,
అదీ సగం ఎండకు పోయింది.
నేను చేరి పదకొండు దినాలు.
ఇంటర్ ఫిజిక్సులో రెండుసార్లు తప్పినోణ్ణి.
"వేళ్లుండాయి గదా, చాలు" అని
రాగితీగ చేతికిచ్చింది.

పొద్దున్నే తిప్పేస్వామి వచ్చినాడు.
బెళుగుప్ప దిక్కునుంచి, ఆటోలో,
మోటారును గోనెపట్టాలో చుట్టి
అది దొర్లకుండా ఒక కాలు దానిమీదే పెట్టుకొని.
ఈ ఎండలకు ఇది మూడోసారి.
"నీ పనితనం బాగలేదు మ్మే" అన్నాడు ముందు.
"నాలుగు దినాలైతే చీనీ చెట్లు ఆకు ముడుస్తాయి" అన్నాడు తర్వాత.
ఆ తర్వాత ఏమీ అనలేదు. సోడా తాగినాడు.

ఆమె జవాబు చెప్పలేదు.
లారీలోంచి ఊడదీసిన పాత బ్యాటరీని
కాలితో ముందుకు నెట్టింది.
"పన్నెండు" అనింది.
గోడమీద బొగ్గుతో రాసినా.
ఎర్ర చుట్టకు తగిలిస్తే
ముల్లు రెండు ఆంపియర్ల కాడ నిలబడింది.
"పన్నెండులో రెండు ఎన్నిసార్లు?"
ఆరు.
"ఆరు ఓములు. దీనికేనా నువ్వు పరీక్ష హాల్లో చెమటలు పట్టింది?"
పసుపు చుట్ట. మళ్లా రెండు, మళ్లా ఆరు.
నీలి చుట్ట.
ముల్లు రెండు దాటిపోయి
మూడు కాడ వణుకుతా నిలబడింది.

పన్నెండును మూడు భాగాలు చేస్తే నాలుగు.
కాలేజీలో నిరోధమంటే
సారు సుద్దముక్కతో గీసిన ఒక మెలికల గీత.
ఇక్కడ అది
నా బొటనవేలికంటిన వార్నీషు.

"ఎదురు తక్కువుంటే మంచిదే కదక్కా,
కరెంటు సులువుగా పోతాది."
ఆమె నవ్వలేదు. కత్తెర కోసం వెతుకుతా
"ఇప్పుడు గుణించు" అనింది.
పన్నెండు రెండ్లు ఇరవైనాలుగు.
పన్నెండు మూళ్లు ముప్పైఆరు.
"వాట్లు. అంటే వేడి.
ఆ రెండూ ఇరవైనాలుగు మోస్తాంటే
ఇదొక్కటీ ముప్పైఆరు మోసింది.
ఎదురు చెప్పనిదాని మీదే గదరా
అందరూ ఎక్కేది."

విప్పినాం.
లోపల, చూపు పడని మలుపు కాడ,
పూత కాలిపోయిన తీగలు నాలుగైదు
నల్లగా ఒకదానికొకటి అతుక్కొని ఉన్నాయి.
చుట్టూ తిరిగి పోవాల్సిన కరెంటు
అడ్డదోవ కనిపెట్టింది అక్కడ.

"రాత్రి నీ స్టార్టరు మీటర్లో ఎంత చూపిస్తాది?"
"మూడునూర్లు. దాటదు."
"నాలుగునూట పదైదు రావాల.
బోరు లోతు తగ్గలేదు, నీళ్ల బరువు తగ్గలేదు.
ఓల్టేజి తగ్గితే
మోటారు ఊరుకోదు స్వామీ,
ఆంపియర్లు లాక్కొని ఆ పని చేస్తాది.
చేసి, కాలతాది."

తిప్పేస్వామి సోడా సీసాను చానాసేపు తిప్పినాడు.
"ట్రాన్స్‌ఫార్మర్ కింద తొమ్మిది మోటార్లు.
నాది చివరి కంబం" అన్నాడు.
పనితనం మాట మళ్లా ఎత్తలేదు.

మూడో దినం సాయంత్రానికి
కొత్త చుట్ట, కొత్త కాగితం, వార్నీషు ఆరని వాసన.
బ్యాటరీ తగిలించినాం.
రెండు. రెండు. మూడోదానికి
ముల్లు రెండుకు ఒక వెంట్రుకవాసి ఇవతల.
హుసేన్‌బీ దాన్నే చూస్తా
"బ్యాటరీ అలిసింది లే" అనింది,
అయినా స్క్రూ ఇప్పి ఇంకోసారి బిగించింది.

డబ్బులో సగం ఇచ్చి, మిగతా సగం చీనీకాయల మీద పెట్టి,
తిప్పేస్వామి నా దిక్కు తిరిగినాడు.
"అబ్బోడా, ఆ గోడమీది లెక్క రాసియ్యి.
మూడునూర్లదీ, నాలుగునూట పదైదుదీ గూడా.
లైన్‌మన్‌కు చూపించాల."

బీడీ కట్ట కాగితం వెనక రాసినా.
పరీక్షలు తప్పినాక
నన్నెవరైనా అడిగిన మొదటి జవాబు అది.
భాగహారం రెండుసార్లు సరిచూసుకున్నా.

ఆటో కదిలేటప్పుడు చూసినా:
డబ్బుల జేబులో కాదు,
తలగుడ్డ మడతలో దోపుకున్నాడు దాన్ని.
కాలు మాత్రం
మోటారు మీదే ఉంది.