పన్నెండో డబ్బా

చుసోక్ పండగ వారంలో, ఇంచాన్‌లో,
నూట ఏడో బ్లాకు కాపలా గదిలో కాలు పెట్టే చోటుండదు.
బేరిపళ్ల పెట్టెలు, నువ్వులనూనె సీసాలు,
బంగారు కాగితం చుట్టిన హామ్ డబ్బాల సెట్లు.
ప్యో మాన్‌షిక్ రాసుకుంటాడు:
ఎవరికి, ఏ అంతస్తు, ఎన్ని గంటలకు.
ఏం వచ్చిందో రాయడు.
ఎత్తి చూస్తే ధరతో సహా తెలుస్తుంది.

నిరుడు వచ్చిందొక సెట్టు, మూల సొట్టపడింది.
కొట్లో నలభై ఎనిమిది వేల వోన్లు.
పన్నెండో అంతస్తుకి కాంట్రాక్టరు పంపాడు.
ఆ ఇంటావిడ పియానో టీచరుకిచ్చింది.
అత్త సొమ్ము అల్లుడు దానం అన్న సామెత
అక్కడుందో లేదో, అల్లుళ్లు మాత్రం ఉన్నారు.
టీచరు ఫోనులో అమ్మకానికి పెట్టింది, ముప్పై రెండు వేలకి.
కొన్నాయన పదహారు వేలు మిగిలాయని మురిశాడు
తినడానికి కాదు,
వాళ్ల మేనేజరుకివ్వడానికి.
చేతులు జోడించి ఇచ్చేసరికి
అది మళ్లీ నలభై ఎనిమిది వేలయింది.

మధ్యలో ఒక రాత్రి ఈ గదిలోనే నిద్రచేసింది.
మాన్‌షిక్ గిన్నెలో చద్దన్నం తప్ప ఏమీ లేదు.
మూత మెల్లగా ఎత్తి
ఒక్క డబ్బా తీశాడు.
ఆ గుంటలో తన కుడికాలి మేజోడు
ఇసుక నింపి, ముడేసి పెట్టాడు.
అరచేతిలో తూచి చూసుకున్నాడు, సరిపోయింది.

ఇక ఏడాదంతా ఫోను మోగితే చాలు
ఆ హామ్ ఉప్పు నాలుక మీదికొచ్చేది.

నిన్న అసోసియేషన్ అధ్యక్షుడు
రెండు చేతులతో అందించాడు: "మీ కష్టానికి."
అదే సొట్ట.
అర్ధరాత్రి దాటాక విప్పాడు.
పదకొండు డబ్బాలు, ఒక మేజోడు.
వేసిన ముడి వేసినట్టే ఉంది.

ఎన్ని గడపలు, ఎన్ని వంగిన నడుములు,
"అయ్యో, ఇదంతా ఎందుకండీ" అని ఎన్ని నోళ్లు!
ఒక్కరూ మూత తీయలేదు.
దొంగ దొరకలేదని సంతోషించాలో,
పన్నెండింటిలో ఒక మనిషి నోటికి అందింది
దొంగిలించిన ఆ ఒక్కటే అని సిగ్గుపడాలో తెలియక
కాసేపు అలాగే కూర్చున్నాడు.

తర్వాత లేచి ఇసుక పూలకుండీలో పోశాడు.
మేజోడు ఉతికి హీటరు మీద ఆరేశాడు.
దాని జతది సొరుగులోనే ఉంది, పారేయబుద్ధి కాలేదు.

తెల్లారితే సువన్‌లో చెల్లెలింటికి వెళ్లాలి.
ఏమీ కొనలేదింకా.
పదకొండు డబ్బాలూ సర్దిపెట్టి
ఆ గుంటకి సరిపోయేదేముందా అని
గదంతా వెతుకుతున్నాడు.